గడ్డం గీసుకునే కుక్క

పశువుల ఆస్పత్రి క్వార్టర్సు, ముందుగది
ఫిబ్రవరి 9

బావమరిదికి,

పిల్లి ముక్కు బాగైపోయింది. మన అమ్మాయే బాగుచేసింది. ముందు ఈ రెండు ముక్కలూ చదివి, ఒకసారి లేచి నిలబడి, మళ్ళీ కూర్చుని మిగతాది చదువు.

ఫోనులో చెబుదామంటే నీకు కుడిచెవి వినపడదు, ఎడమచెవి వినపడదని ఒప్పుకోవు. నేను అరిస్తే నువ్వు తప్ప వీధంతా వింటుంది. అందుకని రాస్తున్నాను. నా చదువు ఐదో తరగతితో ఆగింది, తప్పులుంటే సర్దుకో. నలభై ఏళ్ళు జనానికి చొక్కాలు కుట్టినవాణ్ణి, అక్షరాలు కూడా టేపు పెట్టి కొలిచే రాస్తాను.

ఇక్కడ బడిలో ఒక పంతులమ్మగారుంది. ఆమెకొక తెల్లపిల్లి. దాని ముక్కు మీద పుండు లేచింది. రాచపుండట, అంటే కాన్సరు. సగం ముక్కు తినేసింది. ఇద్దరు డాక్టర్లు చూసి, లాభం లేదు, సూది వేసి పంపించేద్దామన్నారు. ఆ తల్లి పిల్లిని తువ్వాల్లో చుట్టుకుని మన అమ్మాయి దగ్గరికి వచ్చింది.

ఇక విను. మందు ఎంత మంచిదైనా ఆ పుండులో కణాల్లోపలికి పోదట. కణం అంటే చాలా ఒత్తుగా నేసిన గుడ్డ అనుకో. మందు బయట నిలబడి బతిమాలుకుంటుంది గాని దారి ఉండదు. అప్పుడు అమ్మాయి పుండుకి అటూ ఇటూ సూదులు ఆనించి కరెంటు దెబ్బ కొడుతుంది. వెయ్యి వోల్టులు, ఎనిమిది సార్లు. దెబ్బ పడగానే గుడ్డకి కాజాలు పడతాయి. కాజాల్లోంచి మందు గుండీలా దూరిపోతుంది. కాసేపటికి కాజాలు వాటంతటవే మూసుకుంటాయి. మందు లోపల చిక్కుకుని, దాని పని అది చేసుకుంటుంది. ఇంత నాజూకు పని నేను ఏ మిషను మీదా చూడలేదు. నేను ఇలా చెబితే అమ్మాయి, "నాన్నా, మా ప్రొఫెసరు మూడు క్లాసులు తీసుకున్నది నువ్వు మూడు కాజాల్లో తేల్చేశావు" అంది. ఆ మాటకి రెండురోజులు నాకు అన్నం సహించలేదు, సంతోషంతో.

ఇప్పుడు అసలు సంగతి. మా అన్నయ్య కొడుకు పెళ్ళిలో భోజనాల దగ్గర నువ్వేమన్నావో గుర్తుందా. "మనుషుల డాక్టరు సీటు రాక గొడ్ల డాక్టరైంది, ఏం చేస్తాం" అన్నావు. మా పెద్ద వదిన తన జలుబుకి మందు అడగబోయి, "నిన్నడిగి ఏం లాభంలే, నాకేమన్నా తోకుందా" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేయను. లోపల మాత్రం కుట్లన్నీ పటపటా ఊడిపోయాయి.

ఫొటోలు రెండు పెడుతున్నాను, వైద్యానికి ముందు ఒకటి, తరవాత ఒకటి. మొదటిది తిన్న వెంటనే చూడకు.

మీ బావ

---

రెండో అంతస్తు వాటా, కిటికీ పక్క బల్ల
ఫిబ్రవరి 20

బావగారికి నమస్కారాలు.

మీరన్నట్టే లేచి నిలబడ్డాను. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. తీరా చూస్తే పిల్లి. దేశంలో పిల్లులకి ముక్కులు కరువయ్యాయని నాకు తెలియదు. ఆ రెండో ఫొటోలో కూడా అదేమంత అందంగా లేదు, పంతులమ్మగారితో అనకండి.

ముప్ఫై ఆరేళ్ళు స్తంభాలెక్కినవాడికి కరెంటు గురించి మీరు పాఠం చెబుతున్నారా. వెయ్యి వోల్టులు అని ఎంత ముద్దుగా రాశారు బావా, వెయ్యి గుండీలు అన్నట్టు. ఇంట్లో స్విచ్చులో ఉండేది అందులో నాలుగో వంతు. దానికే మనిషి గోడకి కొట్టుకుపోతాడు.

మా పనిలో లైన్ క్లియర్ అని ఒక చీటీ ఉంటుంది. కింద సబ్‌స్టేషన్‌లో కూర్చున్నవాడు "కరెంటు ఆపాను, ఎక్కవచ్చు" అని సంతకం పెట్టి ఇస్తాడు. అది చేతికి వచ్చాకే పైవాడు తీగ మీద చెయ్యి వేయాలి. మా జతగాడు ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు, నోటిమాట నమ్మి ఎక్కాడు. కిందికి దింపింది నేను. మరి ఆ పిల్లికి చీటీ ఎవరిచ్చారు? పాపం అది అడగలేదు కాబట్టి సరిపోయింది.

అమ్మాయిని మెచ్చుకున్నానని చెప్పండి. గొడ్లకి కూడా ఎవరో ఒకరు ఉండాలి కదా.

ఇంకో సంగతి, నాకు సంబంధించింది కాదు. పక్కింటివాళ్ళకి ఒక కుక్క ఉంది. దానికి ముక్కు ఎడమపక్కన పెసరగింజంత పొక్కు లేచింది. పదకొండు నెలలైంది, మానదు. పైన చెక్కు కడుతుంది, గడ్డం గీసుకునేటప్పుడు తగిలితే రక్తం కారుతుంది, మళ్ళీ చెక్కు కడుతుంది. కొంచెం వయసైన కుక్క. ఇలాంటిదానికి అమ్మాయి ఏమంటుందో మాటవరసకి అడగండి. తొందరేం లేదు. వారంలోపు రాస్తే చాలు.

మీ బావమరిది

---

క్వార్టర్సు, కుట్టుమిషను బల్ల
ఫిబ్రవరి 26

బావమరిదికి,

మీ పక్కింటి కుక్కగారికి నా నమస్కారాలు చెప్పు. గడ్డం గీసుకుంటారని తెలిసి చాలా గౌరవం కలిగింది. బ్లేడా, మంగలి దగ్గరికి వెళ్తారా? మీసం ఉంచుతారా? పెన్షను ఏ తారీఖున పడుతుంది?

కడుపు పట్టుకుని నవ్వుకుంటూ ఉత్తరం తీసుకెళ్ళి అమ్మాయి చేతిలో పెట్టాను. అది నవ్వలేదు. రెండుసార్లు చదివింది. "నాన్నా, ఇది మామయ్య ముక్కు" అంది. నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను, తెలివితక్కువవాణ్ణి. "పదకొండు నెలలు మానని పుండు, నాన్నా. ఎండలో పనిచేసిన మనిషి. ఇది మొటిమ కాదు" అంది. అప్పుడు నా నవ్వు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

వినరా. నువ్వు నన్ను ఎన్నన్నా పడ్డాను. నా షాపు బోర్డు మీద అక్షరాలు వంకరన్నావు, నేను కుట్టిన ప్యాంటు వేసుకుని నేను ప్యాంటు కుట్టలేనన్నావు. పడ్డాను. కానీ ముక్కు మీద పుండు పెట్టుకుని దాన్ని కుక్కకి అంటగట్టావు చూడు, దానికి మాత్రం ఊరుకోను. రేపే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళు. పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలట. అమ్మాయి చెప్పమంది, దాని మాటగా రాస్తున్నాను: కుక్కని కూడా తీసుకెళ్ళనక్కర్లేదు.

మీ అక్కకి ఇంకా చెప్పలేదు. ఇకనించి ఉత్తరాలు ఇంటికి రాయకు. ఆస్పత్రి చిరునామాకి అమ్మాయి పేరున రాయి.

మీ బావ

---

రెండో అంతస్తు వాటా
మార్చి 8

బావా,

పరీక్ష ఎప్పుడో అయింది. ముక్క తీసి రెండు నెలలు దాటింది. మీరనుకున్నదే. ఒంట్లో పాకేది కాదట, అక్కడే కూర్చుని తింటుందట. వెళ్ళమంటే వెళ్ళదు, ఉన్నచోట తవ్వుకుంటుంది. నాలాంటిదే అనుకోండి.

సర్జనుగారు చాలా మంచివాడు. కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. ముక్కు ఎడమ రెక్క కోసేసి, నుదుటి మీది తోలు కిందికి తిప్పి అతుకు వేస్తాడట. బావా, అతుకుల సంగతి మీకు తెలియనిదా. ఎంత చక్కగా వేసినా అతుకు అతుకే. మా అమ్మకీ ఇదే ముక్కు, అక్కకీ ఇదే ముక్కు. మా నాన్న ఇల్లూ వాకిలీ ఏమీ ఇవ్వలేదు, మాకు పంచుకోవడానికి మిగిలింది ఈ ముక్కొక్కటే. అరవై ఎనిమిదేళ్ళు వచ్చాక దీన్ని సగానికి కోయించుకుని, మీ చెల్లెలు పోయిన ఈ ఇంట్లో అద్దం ముందు ఒక్కణ్ణీ నిలబడాలా? రెండుసార్లు తారీఖు ఇచ్చాడు. రెండుసార్లూ నాకు జ్వరమని కబురు పెట్టాను.

అక్కకి చెప్పకండి. చెబితే ఏడుస్తుంది. ఏడ్చి ఊరుకోదు, వస్తుంది. వచ్చి ఊరుకోదు, తల దువ్వుతుంది.

ఒక మాట అడుగుతాను, నవ్వకండి. ఆ పిల్లికి చేసింది నాకు చేయమని అమ్మాయిని అడగండి. ఆదివారం మీ ఆస్పత్రి ఖాళీగా ఉంటుంది కదా. పుస్తకంలో కుక్క అనే రాయించండి, నాకు పట్టింపు లేదు. గొలుసు మాత్రం వేయొద్దు.

మీ బావమరిది

---

పశువుల ఆస్పత్రి, కట్లు కట్టే గది, కిటికీ గట్టు
మార్చి 15

బావమరిదికి,

అమ్మాయి జవాబు చెబుతోంది, నేను రాస్తున్నాను. పక్కన ఒక మేక నిలబడి నన్ను చూస్తోంది, దాని చూపుకి తడబడితే క్షమించు.

"మామయ్యా, మనిషిని నేను ముట్టుకుంటే నా ఉద్యోగం పోతుంది. తరవాత నన్ను జైల్లో పెడతారు. కుక్క అని రాయిస్తే పిచ్చికుక్క టీకా కూడా వేయాలి, సిద్ధంగా ఉన్నావా?" ఇది మొదటి జవాబు. నాకు నచ్చి అక్షరం పోకుండా రాశాను.

రెండోది బుర్రపెట్టి చదువు. ఇదే వైద్యం మనుషులకి కూడా చేస్తారట. ముక్కు, చెవి, కనురెప్ప లాంటి కోయడానికి మనసొప్పని చోట్ల. మీ ఊరి కాన్సర్ ఆస్పత్రిలో మూడేళ్ళుగా చేస్తున్నారట. ఏ ఆస్పత్రో తెలుసా? నువ్వు రోజూ పాలపాకెట్టు కోసం దాని గోడ పక్కనుంచే వెళ్తావు. మూడేళ్ళుగా నీ వైద్యం గోడకి అటుపక్క ఉంది, ఏడాదిగా నీ పుండు ఇటుపక్క ఉంది.

అమ్మాయి ఇంకోటి కూడా రాయమంది. ఇది అందరికీ సరిపడదు, నీకు సరిపడుతుందో లేదో అక్కడి డాక్టరే తేల్చాలి. ఒకసారితో తగ్గకపోతే రెండోసారి చేయాల్సి రావచ్చు. తగ్గి తీరుతుందని ఎవరైనా ప్రమాణం చేస్తే వాడి దగ్గరికి వెళ్ళొద్దు. నేనైతే తగ్గి తీరుతుందనే అనుకుంటున్నాను. నేను డాక్టర్ని కాను కదా, నాకా స్వేచ్ఛ ఉంది.

మీ బావ

---

రెండో అంతస్తు వాటా
ఏప్రిల్ 12

బావా,

వెళ్ళాను. ఆ ఆస్పత్రికి లైను లాగింది నేనే, ఆ సంగతి అక్కడ ఒక్కడికీ తెలియదు. చెప్పినా ఎవరూ కుర్చీ వేయలేదు.

డాక్టరమ్మ చిన్న పిల్ల. ముక్కు చూసింది, వేలితో నొక్కింది, రిపోర్టులు చదివింది. సరిపోతుంది, చేద్దాం అంది. ముందు మీ ఎర్తింగ్ చూపించమ్మా అన్నాను. ఆ పిల్ల ఉలిక్కిపడి, తరవాత ఒక మనిషినిచ్చి పంపింది. గొయ్యి చూశాను, తీగ చూశాను, టెస్టరు పెట్టి చూశాను. ఆపరేషను గదికి అంతా బాగుంది. క్యాంటీను ఫ్రిజ్జుకి మాత్రం ఎర్తు లేదు. అక్కడ టీ తాగేవాళ్ళందరూ అదృష్టవంతులని రాసిచ్చి వచ్చాను.

ఇంతవరకూ బాగానే ఉంది. నిన్న చేస్తామన్న రోజు. చొక్కా మార్పించారు, బల్ల ఎక్కించారు. అప్పుడొకాయన వచ్చి కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నాడు. ఏమిటయ్యా ఇది అన్నాను. "మీకేమైనా అయితే మాది బాధ్యత కాదని మీరు ఒప్పుకుంటున్నట్టు" అన్నాడు. అంత మోటుగా అనలేదు గాని సారాంశం అదే.

బావా, మా పద్ధతిలో తీగ పట్టుకునేవాడు సంతకం పెట్టడు. కరెంటు చేతిలో ఉన్నవాడు పెడతాడు. నా ఒంట్లోకి వెయ్యి వోల్టులు పంపేవాళ్ళు నాకు చీటీ ఇవ్వాలి గాని, నేను వాళ్ళకివ్వడమేమిటి? నా చీటీ ఏదయ్యా అని అడిగాను. అలాంటిదేమీ లేదన్నారు. నేను బల్ల దిగి, చొక్కా మార్చుకుని ఇంటికొచ్చేశాను.

డాక్టరమ్మ మెట్లదాకా వెంటపడింది. ఇంకా తాత్సారం చేస్తే లోపల మెత్తటి ఎముక దాకా దిగుతుంది, అప్పుడు కోత తప్ప దారి ఉండదు, సగం కాదు మొత్తం ముక్కు పోతుంది అంది. మే ఆరో తారీఖు ఇచ్చింది. వెళ్ళను. మీరు తిట్టినా వెళ్ళను.

మీ బావమరిది

---

క్వార్టర్సు, మేడమెట్ల మీద
ఏప్రిల్ 18

బావమరిదికి,

తిట్టను. తిట్టడానికి ఐదో తరగతి చాలదు.

ఎర్తింగ్ గొయ్యిలోకి తొంగిచూసినవాడివి, బల్ల ఎక్కి దిగిపోయావు. క్యాంటీను ఫ్రిజ్జుని కాపాడావు, మంచిదే, ముక్కు లేని మనిషి క్యాంటీనుకి పోయి టీ వాసన ఎలా చూస్తాడో అది కూడా రాసిచ్చావా? వెక్కిరించాలనే కూర్చున్నాను గాని చెయ్యి ఆడటం లేదు. మీ అక్క పొద్దున అద్దం ముందు నిలబడి ముక్కు తుడుచుకుంటుంటే నేను మొహం తిప్పుకుని వీధిలోకి పోయాను. రెండు నెలలుగా ఇదే నా బతుకు. ఆమె "మీకేమైంది" అంటే కళ్ళద్దాలు మారాయంటాను.

నీ ఉత్తరం చదివి అమ్మాయి నిన్ను ఒక్క మాటా అనలేదు. "మామయ్య అడిగినదాంట్లో తప్పేముంది" అంది. నాకు మండింది. నేను అరిచిందంతా విని, పైవాళ్ళకి సెలవు కాగితం రాసిచ్చింది. అయిదో తారీఖు సాయంత్రం బస్సుకి నీ దగ్గరికి వస్తోంది. మీ అక్కకి ట్రైనింగని చెప్పాం. ఆమె దానికి మూడు జతల బట్టలు సర్దింది.

తలుపు తీయకుండా కూర్చుంటే అది దూడల్ని పట్టే పిల్ల, గుర్తుంచుకో.

మీ బావ

---

రెండో అంతస్తు వాటా
మే 14

బావా,

అయింది.

మళ్ళీ అదే బల్ల, అదే కాగితం, అదే మనిషి. నేను నోరు తెరవబోయాను. అమ్మాయి ముందే తెరిచింది. ఆస్పత్రివాళ్ళ మందుల చీటీ ఒకటి చించి, నించునే రాసింది. ఉన్నదున్నట్టు దింపుతున్నాను:

"ఎనిమిది దెబ్బలు. ఎనిమిదీ కలిపినా సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ. ముక్కు దగ్గరే తిరుగుతుంది, గుండె దాకా రాదు. మత్తు డాక్టరు తల దగ్గరే ఉంటాడు. మిషను నేను చూశాను. లైన్ క్లియర్."

కింద సంతకం, దాని కింద డిగ్రీ. పశువైద్యం అని స్పష్టంగా రాసింది, దాచలేదు. ఆ చిన్న డాక్టరమ్మ చదివి, నవ్వకుండా, పక్కన తన సంతకం కూడా పెట్టింది. అప్పుడు నేను వాళ్ళ కాగితం మీద నా సంతకం పెట్టాను.

ఆస్పత్రి చొక్కాకి జేబు లేదు బావా. ఒక దర్జీగా మీరు ఈ అన్యాయం గురించి ఎవరికైనా రాయాలి. చీటీ గుప్పిట్లో పెట్టుకునే పడుకున్నాను. మత్తు ఇచ్చారు. మెలకువ వచ్చేసరికి గుప్పిట మూసే ఉంది. ముక్కు మంటగా ఉంది, వాచింది. అమ్మాయి పక్క కుర్చీలో కూర్చుని నా బత్తాయి తింటోంది.

వెయ్యి వోల్టులని చూశాను గాని, ఎంతసేపో అడగలేదు. ముప్ఫై ఆరేళ్ళు చేసిన పనిలో నేను అడగని ప్రశ్న అది. జతగాడి విషయంలో కూడా కరెంటు ఎంత అని అడిగారందరూ, ఎంతసేపు అని అడిగినవాడు లేడు. ఎంతసేపో నాకు తెలుసు. సరేలెండి.

ఇప్పుడు ముక్కు మీద నల్లటి చెక్కు కట్టింది. అదే రాలాలట, గిల్లకూడదట. నేను గిల్లుతున్నానని మీ కూతురు ఏం చేసిందో తెలుసా. కుక్కలకి మెడ చుట్టూ తగిలిస్తారే, ప్లాస్టిక్ గొట్టం, పుండు నాక్కోకుండా, అది సంచిలో పెట్టుకొచ్చింది. "పెద్ద సైజు తెచ్చాను మామయ్యా, మనుషులకి వేయకూడదని చట్టంలో ఎక్కడా లేదు" అంది. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. తల ఒకసారి దువ్వింది కూడా. దువ్వించుకున్నాను.

మీ బావమరిది

---

రెండో అంతస్తు వాటా
ఆగస్టు 21

బావగారికి,

చెక్కు రాలి, కొత్త తోలు వచ్చి చాన్నాళ్ళయింది. పోయిన వారం మళ్ళీ ముక్క తీసి పరీక్ష చేశారు. ఏమీ లేదట. ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోమన్నారు. ముక్కు మొత్తం ఉంది. ఎడమపక్క కొంచెం తెల్లగా ఉంది, అంతే.

ఇక ఈ సంగతి ఇక్కడితో వదిలేద్దాం. ఎవరికీ చెప్పనక్కర్లేదు.

మీ బావమరిది

---

క్వార్టర్సు, ముందుగది, తలుపు వేసుకుని
ఆగస్టు 27

బావమరిదికి,

ఏమీ లేదట అని ఎంత తాపీగా రాశావురా. ఆ మాటని ఉత్తరం మధ్యలో పెడతారా ఎవరైనా, రవిక లోపల చిరుగు దాచినట్టు. నేను ఆస్పత్రి వరండాలో నిలబడి గట్టిగా చదివాను. మందులిచ్చే ఆయన విన్నాడు, తుడిచే ఆమె విన్నది, ఒక గుర్రం యజమాని విన్నాడు, గుర్రం కూడా విన్నది. అమ్మాయి లోపల ఏదో ఆవుకి కుట్లు వేస్తోంది. చెబితే, "చేతులు ఖాళీగా లేవు నాన్నా, మళ్ళీ ఒకసారి చదువు" అంది. మూడుసార్లు చదివించుకుంది. మూడోసారి నేను కళ్ళద్దాలు తుడుచుకుంటుంటే ఆవు యజమాని అందుకుని చదివాడు.

ఎవరికీ చెప్పనక్కర్లేదా? చాలా బాగుంది. గొడ్ల డాక్టరని అన్నప్పుడు పెళ్ళిలో పదిమంది ఉన్నారు, బాగుచేసిందని చెప్పడానికి ఒక్కడూ అక్కర్లేదా. నేను చెప్పను. మాటిచ్చాను కాబట్టి చెప్పను. నువ్వే చెబుతావు, ఒక్కొక్కరికీ, నీ చేత్తో రాసి. ఎవరెవరికో ఇక్కడ రాస్తున్నాను, ఎవర్నీ వదలకు.

మొదట మా పెద్ద వదినకి. పెద్ద అక్షరాలతో రాయి, చిన్నవైతే కనపడలేదంటుంది. ఆమె పిల్లికి ఒంట్లో బాగాలేదని అమ్మాయికి మూడు నెలలుగా ఫోను మీద ఫోను చేస్తోంది, పిల్లి సంగతయ్యాక తన మోకాళ్ళ సంగతీ అడుగుతోంది. తరవాత మా అన్నయ్యకి, ఆయన చదివి ఏమీ అనడు, అయినా రాయి. మా తమ్ముడికి తప్పకుండా రాయి. ప్రతి రోగానికీ కషాయం చెప్పేవాడు, ఈ ఉత్తరం అందాక రెండు వారాలు నోరు మూస్తాడని ఆశ. నీ తోడల్లుడికి, ఆయన భార్యకి వేరుగా, ఎందుకంటే ఆయన ఇంట్లో చెప్పడు. మీ చిన్నమ్మ కొడుకుల్లో పెద్దవాడికి చాలు, మిగతా ముగ్గురికీ వాడు పనిమాలా వెళ్ళి చెబుతాడు. మీ పెదనాన్న కూతురికి, ఎండలో తోటపని చేస్తుంది, ఆమె చెంప మీద కూడా ఏదో ఉందని విన్నాను. ఆమెకి మాత్రం వెక్కిరింతలేవీ లేకుండా, ఆస్పత్రి పేరు, డాక్టరమ్మ పేరు, వెళ్ళాల్సిన గది నంబరుతో సహా, ముందుగా రాయి. అందరికన్నా ముందు.

ఇక మీ అక్క. ఆమెకి రాయకు. ఉత్తరం చదివితే అది చేతిలో పెట్టుకుని ముందు నా దగ్గరికే వస్తుంది, పగలు ఇంట్లో ఉండేది నేనొక్కణ్ణే కదా. ఆరు నెలలు ఆమెతో ఒకే ఇంట్లో ఉండి దాచినందుకు నాకు పడేది ఎలాగూ పడుతుంది. నీ వాటా కూడా నేను తినలేను. ఆదివారం మొదటి బస్సు ఎక్కి, ఆ ముక్కు వేసుకుని వచ్చి, ఆమె ఎదురుగా కూర్చుని నువ్వే చెప్పు.

మీ బావ